పుష్యంలో పల్లెవెలుగు

రామప్పకు జనం వస్తారు. లక్నవరానికి వస్తారు. రెండేళ్లకోసారి మేడారానికి ఇసుక వేస్తే రాలనంత మంది వస్తారు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి చూసి వద్దామని మాత్రం ఎవరూ బయల్దేరరు. 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రాలయ్యేదాకా ఈ మూడూ వరంగల్ జిల్లాలోని ఊళ్ళే. వీటి మధ్య రైళ్ళలో, బస్సుల్లో తిరగడానికి నేను పుష్యమాసాన్ని కావాలనే ఎంచుకున్నాను. ఇక్కడ చలికాలమంటే పనికాలం. యాసంగి నాట్లకు మడులు తయారవుతుంటాయి, పత్తి ఆఖరి ఏరుడు నడుస్తుంటుంది, మిరప తొలి కోతకు వస్తుంది. పొద్దున మంచు విడవకముందే ఊరంతా దారిలో ఉంటుంది. ఒక ప్రాంతాన్ని పండుగ రోజున చూస్తే దాని అలంకారం తెలుస్తుంది. దాని బతుకు తెలియాలంటే పని రోజున పోవాలి.

జనగామ మనిషికి భూపాలపల్లిలో పనిపడితే నేరుగా పోయే వీలు అరుదు. హనుమకొండ పోవాలి, బస్సు మారాలి. జిల్లాలు విడిపోయినా దారులన్నీ ఇంకా పాత జిల్లా కేంద్రం గుండానే నడుస్తున్నాయి. గ్రీసు దేశంలో ఏజియన్ సముద్రపు దీవులవాళ్ళకూ ఇలాంటి అవస్థే ఉంది. పక్క దీవికి పోవాలన్నా చాలాసార్లు ఏథెన్సు పక్కన ఉన్న పిరియస్ రేవుకు పోయి ఇంకో ఓడ ఎక్కాల్సి వస్తుంది. వేసవిలో పర్యాటకుల కోసం ఓడలు పెరుగుతాయి, చలికాలంలో తగ్గిపోతాయి. ఆ మిగిలిన కొద్ది ఓడల్లో దీవులవాళ్ళే ఉంటారు, ఆస్పత్రికి పోయేవాళ్ళు, సరుకు తెచ్చుకునేవాళ్ళు. పుష్యంలో మన పల్లెవెలుగు బస్సుల్లో ఉండేదీ అలాంటివాళ్ళే.

జనగామ నుంచి పాలకుర్తి పోయే దారిలో, పొద్దు పొడిచే వేళకు ఒక పెద్దాయన నారుమడి గట్టు మీద కనిపించాడు. మెడ చుట్టూ తువ్వాల, మోకాళ్ళ దాకా బురద. మడి మీద వెదురు బద్దలు వంచి గుచ్చి, వాటి మీద పల్చటి పాలిథిన్ కవరు కప్పి ఉంది. ఆ కవరును ఒక అంచు నుంచి చుట్టుకుంటూ వస్తున్నాడు. లోపలి వైపు పట్టిన తడి బొట్లు బొట్లుగా నారు మీద రాలుతోంది. కవరంతా తీశాక బోరు వేశాడు. చలికాలం పొద్దున బోరు నీళ్ళు గోరువెచ్చగా వస్తాయి. పైపు మూతి దగ్గర సన్నగా పొగలు లేచాయి.

"రాత్రి మడిల నీళ్ళుంటే సల్లబడి నారు ఎర్రబడ్తది బిడ్డా," అన్నాడు. "పొద్దూకంగనె నీళ్ళు తీసెయ్యాలె. పొద్దుగాల్ల కొత్త నీళ్ళు పెట్టాలె. పసిపిల్లను సాదినట్టు సాదాలె."

నెల రోజులు ఆయన ఈ పని రోజుకు రెండు పూటలా చేస్తాడు. చలికి నారు ఎదగదు, జింకు అందక ఆకు తుప్పు రంగుకు తిరుగుతుంది, నాటు ఆలస్యమైతే చివరి తడులు ఎండల్లో పడతాయి. మనం తినే యాసంగి బియ్యం వెనక ఇన్ని చలి పొద్దులున్నాయి. ఆ బోరులో నీళ్ళెక్కడివని అడిగితే చెరువు వైపు చెయ్యి చూపించాడు. ఒకప్పుడు జనగామ ప్రాంతమంటే ఎండిన బోర్లు, వలసలు. ఇప్పుడు చెరువుల్లోకి దేవాదుల నీళ్ళొస్తున్నాయి. ములుగు అడవుల్లో గంగారం దగ్గర గోదావరిలో ఎత్తి, దశలు దశలుగా పంపు చేసి, ఇంత దూరం తెచ్చిన నీళ్ళు. చెరువు నిండితే బోరు పోస్తుంది. ఈ ప్రయాణమంతా నాకు పదేపదే కనిపించింది ఇదే: ఈ మూడు చోట్లలో ఒకచోటి బతుకు ఇంకోచోటి నుంచి కదిలి వచ్చేదాని మీద ఆధారపడి ఉంది. ఇక్కడ అది నీళ్ళు. ఒకచోట బొగ్గు, ఒకచోట మనుషులు.

పాలకుర్తి సోమనాథుడి ఊరు, ఆ మండలంలోనే బమ్మెర పోతన ఊరు. దొర గుండాలకు ఎదురు నిలిచి తన పంటను కాపాడుకున్న చాకలి ఐలమ్మదీ పాలకుర్తే. 1946 జులై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి కూడా ఈ జిల్లాలోనే ఉంది. వీటి గురించి పుస్తకాలు చాలానే ఉన్నాయి. ఆ ఊళ్ళలో ఆ పొద్దున నేను చూసింది మాత్రం వాకిట్లో మంట కాగుతున్న ముసలివాళ్ళను, ఆటోల్లో కిక్కిరిసి పత్తి చేలకు పోతున్న ఆడవాళ్ళను. స్వెటర్ మీద మగవాళ్ళ ఫుల్ చేతుల చొక్కా, తలకు గట్టిగా కట్టిన తువ్వాల, ఒళ్ళో సద్దిగిన్నె. పత్తికాయ ఎండి విచ్చుకున్నాక దాని తొడిమలు వేళ్ళకు ముల్లులా గీసుకుంటాయి. చలికి చర్మం పగిలిన వేళ్ళకు అది ఇంకా బాధ.

జనగామ నుంచి హైదరాబాద్ వైపు కొద్ది దూరంలోనే పెంబర్తి. కాకతీయుల కాలం నుంచీ ఇత్తడి రేకు మీద నగిషీ చేసిన విశ్వకర్మల ఊరు. గుడి తలుపుల తొడుగులు, దేవుడి వాహనాలు, కవచాలు ఇక్కడ తయారై దేశమంతా పోతాయి. నిజాం కాలంలో పాన్‌దాన్లు, అత్తరుదాన్లు కూడా చేశారు. ఒక పనిశాలలో చాలాసేపు కూర్చున్నాను. పనివాడు రేకును కొలిమిలో ఎర్రగా కాల్చి చల్లార్చాడు. అలా కాలిస్తేనే లోహం మెత్తబడి ఉలికి లొంగుతుంది. తర్వాత కరిగిన లక్క పరుపు మీద దాన్ని అతికించాడు. లక్క గట్టిపడ్డాక గీత గీశాడు. అసలు పని అక్కడ మొదలవుతుంది. మొన మొద్దుగా ఉన్న ఉలి పట్టుకుని, దాని తల మీద చిన్న సుత్తితో వరసగా, ఎక్కడా ఆగకుండా కొడతాడు. కింద లక్క కొంచెం కొంచెంగా జరుగుతూ రేకును చిరగనివ్వకుండా లోపలికి పోనిస్తుంది. కాసేపటికి ఒక తామర రెక్క అంచు లేచింది. చలికాలం లక్క తొందరగా బిగుసుకుంటుందనీ, మధ్యమధ్య సెగ చూపించాల్సి వస్తుందనీ చెప్పాడు. కొడుకు ఈ పనిలోకి వస్తాడా అని అడిగాను. "డిగ్రీ సదువుతున్నడు సార్. సెలవులల్ల కూసుంటడు," అన్నాడు. పెంబర్తి కళకు భౌగోళిక గుర్తింపు ఉంది, మంచి పేరుంది. వీటికి తోడు నెలనెలా చేతినిండా పని కూడా ఉంటే ఆ కుర్రాడు ఉలి వదలడని నాకనిపించింది.

మధ్యాహ్నం జనగామ స్టేషనులో గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. సికింద్రాబాద్ నుంచి గుంటూరు పోయే ఈ బండి పేరుకే ఎక్స్‌ప్రెస్. ఘన్‌పూర్, కాజీపేట, వరంగల్, నెక్కొండ, కేసముద్రం, మహబూబాబాద్, చిన్నా పెద్దా ఊళ్ళన్నిటినీ పలకరిస్తూ పోతుంది. అందుకే నాకు ఇది ప్రాణం. జనరల్ పెట్టెలో ఎంజీఎం ఆస్పత్రి నుంచి ఎక్స్‌రే కవర్లతో తిరిగి పోతున్నవాళ్ళు వరంగల్‌లో ఎక్కారు. 2022లో మహబూబాబాద్‌లో, 2023లో జనగామ, భూపాలపల్లిలో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ఈ రాకపోకలు తగ్గాలని మనసారా కోరుకుంటాను. ఇంకా బాగా తగ్గాల్సి ఉంది. పల్లీలు, రేగ్గాయలు, ఉడకబెట్టిన కందికాయ అమ్మే ఆమె వస్తే పెట్టె అంతా పొట్టు రాలింది. కందికాయ ఈ నెలలోనే తినాలి. ఉప్పేసి కాయ పళంగా ఉడికిస్తే ఆ గింజ రుచి ఇంకే నెలలోనూ దొరకదు.

ఈ పట్టాలకు ఒక చరిత్ర ఉంది. నిజాం రైల్వే 1886లో వరంగల్ చేరింది, 1888లో డోర్నకల్ మీదుగా సింగరేణి బొగ్గు దగ్గరికి, 1889లో బెజవాడకు పోయింది. ఇల్లందు ప్రాంతంలో బొగ్గు దొరకడమే డోర్నకల్‌ను జంక్షన్‌గా చేసింది. బొగ్గు కోసం రైలు వచ్చింది, రైలు కోసం ఊళ్ళు పెరిగాయి. మహబూబాబాద్‌ను జనం ఇప్పటికీ మానుకోట అంటారు.

మహబూబాబాద్‌లో నేను దిగిన ఇంట్లో ఆ సాయంత్రం సకినాలు చేస్తున్నారు. కొత్త బియ్యం రాత్రంతా నానబెట్టి, తడి మీదే పట్టించిన పిండి. అందులో నువ్వులు, వాము, ఉప్పు. ముందుగా పిండితో చిన్న గౌరమ్మను చేసి పసుపు కుంకుమ పెట్టారు. తర్వాత నేల మీద ఉతికిన ధోవతి పరిచి, వాడకట్టు ఆడవాళ్ళంతా చుట్టూ కూర్చున్నారు. పిండిని బొటనవేలికీ రెండు వేళ్ళకూ మధ్య నలుపుతూ, మెలి తిప్పుతూ, గుండ్రంగా వదులుతూ పోవాలి. ఒక చుట్టు, దాని చుట్టూ ఇంకో చుట్టు, మూడో నాలుగో. చుట్టుకూ చుట్టుకూ సందు ఉండకూడదు, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. బట్ట తడిని పీల్చుకున్నాకే అట్లకాడతో లేపి నూనెలో వేస్తారు. ఆ పూట గాలిలో తేమ ఎక్కువై బట్ట ఆరడం లేదు. "ఈ మంచుకు సకినం లేస్తలేదు, ఇరిగిపోతాంది," అని ఇంటావిడ ఫ్యాను వేయించింది. ముసలవ్వ ఒకావిడ కళ్ళు సరిగా కనిపించకపోయినా వేళ్ళతోనే చుట్టు తిప్పుతోంది. పక్కన కూర్చున్న మనుమరాలి సకినం వంకర పోతే ఏమీ అనకుండా ఆ పిల్ల బొటనవేలిని పట్టుకుని కొంచెం లోపలికి వంచి వదిలింది. తర్వాతి చుట్టు సరిగానే వచ్చింది.

మర్నాడు ఊరి బయట తాండాల వైపు పోయాను. ఈ జిల్లాలో లంబాడీ తాండాలు చాలా ఉన్నాయి, మిరప ఎక్కువగా వేస్తారు. తొలి కోత వచ్చిన చోట కల్లాల మీద ఎర్ర కాయ పరిచి ఉంది. దగ్గరికి పోతే ముందు తుమ్ము వస్తుంది, తర్వాత కళ్ళు మండుతాయి, కాసేపటికి అలవాటవుతుంది. కాయను సాయంత్రం కుప్ప చేసి పట్టాలు కప్పుతారు, పొద్దున మంచు ఆరాక మళ్ళీ పరుస్తారు. తడి తగిలితే కాయ మచ్చపడి తెల్లబారుతుంది. అది తాలు కింద పోతుంది, ధర సగానికి పడిపోతుంది. అందుకే రైతు రాత్రిళ్ళు కల్లం దగ్గరే పడుకుంటాడు. కల్లం అంచున నులక మంచం, దుప్పటి, ఆరిన మంట బూడిద కనిపించాయి. 2021లో నల్ల తామర పురుగు పడ్డప్పుడు పూత మొత్తం రాలిపోయి చేలకు చేలే దున్నేశారని ఒక రైతు చెప్పాడు. ఆ ఏడాది ఈ జిల్లాలో మిరప రైతుల ఆత్మహత్యలు వార్తల్లోకి వచ్చాయి. అయినా మళ్ళీ మిరపే వేశాడు. కౌలు కట్టాలంటే, అప్పు తీరాలంటే ఈ నేలలో ఇంకో పంట అంత డబ్బు ఇవ్వదని అతని లెక్క.

చేలో కాయ తెంపుతున్నవాళ్ళలో కొందరి మాట తేడాగా వినిపించింది. గడ్చిరోలి నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి ఏటా ఈ కాలానికి వస్తారు. చేని పక్కనే పాత ఫ్లెక్సీలు, పట్టాలు కట్టి గుడిసెలు వేసుకున్నారు. చలికి ఆ ఫ్లెక్సీ గోడ ఏ మాత్రం ఆగుతుంది? వాళ్ళ పిల్లలు బడికి దూరంగా ఈ మూడు నెలలూ చేల గట్ల మీదే. మిరప రైతు కష్టం గురించి రాసేవాళ్ళు ఈ గుడిసెల గురించీ రాయాలి.

డోర్నకల్ చర్చికి మధ్యాహ్నం పోయాను. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1912లో ఈ పదవికి వచ్చాడు. తమిళదేశంలో పుట్టి, తెలుగు నేర్చుకుని, ఈ ఊళ్ళలో దళితుల మధ్య బతికాడు. ఆయన కట్టించిన ఎపిఫనీ కెథెడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. గుమ్మటాలు మసీదును, రాతి స్తంభాల మండపం గుడిని తలపిస్తాయి. ఈ నేల మీద ఉన్న అన్ని రకాల కట్టడాల నుంచీ తీసుకుని ఇక్కడి చర్చి ఇలా ఉండాలని అనుకున్న మనిషి ఆయన. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశాడు. క్రిస్మస్ నక్షత్రాలు ఇంకా విప్పలేదు. ఇద్దరు కుర్రాళ్ళు నిచ్చెన వేసుకుని సీరియల్ బల్బులు చుడుతున్నారు.

మహబూబాబాద్ నుంచి భూపాలపల్లికి హనుమకొండ తగలకుండా పోవాలని నా పట్టుదల. గూడూరు మీదుగా నర్సంపేట, అక్కడ బస్సు మారి నల్లబెల్లి, మల్లంపల్లి మీదుగా ములుగు, ములుగులో మళ్ళీ మారి జంగాలపల్లి, గణపురం మీదుగా భూపాలపల్లి. ఎవరైనా ఇలా పోతారా అని కండక్టర్ అడిగాడు. పోతారు. బస్సు నిండా అలాంటివాళ్ళే. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైన నాటి నుంచి పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో ఆడవాళ్ళకు జీరో టికెట్. నా పక్కన కూర్చున్న అక్క గూడూరు నుంచి నర్సంపేటకు, తల్లి మోకాళ్ళ నొప్పులకు మందు ఇచ్చి రావడానికి పోతోంది. "మునుపు నెలకోసారి పోతుంటి. ఇప్పుడు ఆదివారమాదివారం పోయొస్తున్న," అంది. సీట్లు దొరకడం లేదని విసుక్కునే మగవాళ్ళు ఉన్నారు, ఆ ఇబ్బందీ నిజమే. బస్సులు పెంచాలి. ఒక కూతురు వారం వారం తల్లి మొహం చూడగలగడం కంటే రోడ్డు రవాణా సంస్థ చేయదగిన గొప్ప పని నాకు ఇంకేదీ తోచలేదు.

నర్సంపేట దాటాక చేలల్లో మిరప రూపు మారుతుంది. ఇక్కడ చపాటా కాయ, పొట్టిగా, బొద్దుగా, టమాటాలా. కారం తక్కువ, రంగు ఎక్కువ. 2025లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. గణపురంలో దిగి కోటగుళ్ళు చూశాను. గణపతిదేవుడి కాలపు గణపేశ్వరాలయం, దాని చుట్టూ ఇరవైకి పైగా చిన్నగుళ్ళు, చాలావరకు కూలినవే. రామప్పకు వచ్చే జనంలో నూరోవంతు కూడా ఇక్కడికి రారు. ఎండకు కూర్చుని పశువుల కాపరి ఒకతను బీడీ కాలుస్తున్నాడు. అక్కడి నుంచి చెల్పూరు దగ్గరే. 500 మెగావాట్లు ఒకటి, 600 మెగావాట్లు ఒకటి, కాకతీయ థర్మల్ కేంద్రం రెండు యూనిట్లు. జనగామ పెద్దాయన బోరు తిరిగే కరెంటులో ఇక్కడి బొగ్గూ ఉంటుంది.

భూపాలపల్లికి రైలు లేదు. 1888లో ఇల్లందు బొగ్గుకు రైలు వచ్చింది, ఇక్కడి బొగ్గు మాత్రం లారీల మీద పోతోంది. రోడ్డు పక్క చెట్ల ఆకులు నల్లగా ఉన్నాయి. మంచు పడ్డ పొద్దున ఆ నలుపు తడిసి బొట్లుగా కారుతుంది. కాకతీయ ఖని గనుల్లో ఒకదాని గేటు ముందు, రాత్రి షిఫ్టు దిగే వేళకు చాయ్ బండి దగ్గర నిలబడ్డాను. బయట నోరు తెరిస్తే పొగ వస్తోంది. బాయిలోంచి పైకి వచ్చినవాళ్ళ చొక్కాలు చెమటకు ఒంటికి అంటుకుని ఉన్నాయి. టోపీ దీపాలు అప్పగించి, చేతులు కడుక్కుని, స్వెటర్లు వేసుకుంటూ వచ్చారు.

"బాయిల చలికాలం ఉండదన్నా," అన్నాడొక కార్మికుడు. "పన్నెండు నెలలు ఒక్కటే ఉడుకు. పైకొచ్చినంకనే చలి. గీ గేటు కాడికెల్లి ఇంటికి పోయేటాల్లకే జలుబు పడ్తది." చాయ్ గ్లాసును రెండు చేతులతో పట్టుకుని, తాగకుండా కాసేపు అలాగే నిలబడ్డాడు.

అక్కడి నుంచి కాళేశ్వరం బస్సు. మహాదేవపూర్‌లో దసలిపట్టు నేస్తారు. నల్లమద్ది చెట్ల మీద పెరిగే పురుగు గూడు అది, అడవి బిడ్డలు పిట్టల నుంచి కాపలా కాసి పెంచుతారు. అటు తర్వాత ఇసుక లారీల దుమ్ము. ఇంకొంచెం పోతే గోదావరి, ప్రాణహిత కలిసే చోటు. ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న గుడి, యముడి పేర ఒకటి, శివుడి పేర ఒకటి. చలికాలం ఏరు సన్నబడి ఇసుక తిన్నెలు తేలాయి. కిందున్న మేడిగడ్డ బరాజ్ పియర్లు 2023 అక్టోబరులో కుంగినప్పటి నుంచి అక్కడ నీళ్ళు నిలపడం లేదు. ఒకప్పుడు ఈ ఒడ్డు నుంచి మహారాష్ట్ర ఒడ్డుకు పడవల మీదే రాకపోకలు. ఇప్పుడు వంతెన ఉంది, ఆటోలు తిరుగుతాయి. అవతల సిరొంచలో బోర్డులు మరాఠీలో ఉంటాయి, బేరం తెలుగులో నడుస్తుంది. బరాజ్‌లో నీళ్ళు నిలిపిన ఏళ్ళలో వెనక్కి ఎగదన్నిన వరద తమ చేలను ముంచిందని అక్కడి రైతులు ఇంకా కోపంగా చెబుతారు. వాళ్ళ కోపంలో న్యాయం ఉంది. ఇటువైపు చేలు పారించడానికి కట్టిన కట్ట అటువైపు మనుషుల నేల మీదికి నీళ్ళు తోస్తే, ఆ లెక్క ఇటువైపు పుస్తకంలోనూ రాయాలి.

తిరుగు బస్సులో సిరొంచ వైపు నుంచి వచ్చిన ఆడవాళ్ళు ఎక్కారు. దుప్పటి మూటలు, సత్తు గిన్నెలు, ఒక సంచిలో బియ్యం. మిరప కోతకు పోతున్నారు. కండక్టర్ ఆధార్ కార్డులు చూశాడు. బస్సులో ఉన్న ఒక మహాదేవపూర్ ఆమెకు జీరో టికెట్ కొట్టాడు. వీళ్ళ కార్డులు మహారాష్ట్రవి, తెలంగాణ ఆడవాళ్ళకే ఉచితం. కొంగు ముడి విప్పి, తలా కొంత పోగేసి డబ్బులిచ్చారు. వాళ్ళలో పెద్దావిడ నా వైపు తిరిగి, "మానుకోట దిక్కు పోవాలె అయ్యా, ఈ బస్సు పోతదా?" అని అడిగింది. పోదని చెప్పి, భూపాలపల్లిలో దిగి ములుగు బస్సు, ములుగులో నర్సంపేట బస్సు, అక్కడి నుంచి గూడూరు మీదుగా మానుకోట అని నేను వచ్చిన దారే చెప్పాను. ఒక్కో ఊరి పేరూ ఆమె తిరిగి పలికింది. పక్కనున్న అమ్మాయి దాన్ని సెల్‌ఫోనులో రాసుకుని, ములుగులో ఆఖరి బస్సు ఎన్నింటికని కండక్టర్‌ను అడగడానికి లేచి ముందుకు పోయింది.